నక్కవుల్లి: పేరు, ఋతుధర్మం, పెంపకం - కృష్ణా డెల్టా నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

నక్కవుల్లి తెలుగు నేలకు చెందిన దేశీయ మొక్క. ఇది వసంతఋతువులో ఆకు లేకుండా పూస్తుంది, తొలకరి తరువాత ఆకు తొడుగుతుంది. అడవి ఉల్లి, అడవి తెల్లగడ్డ అనే పేర్లతోనూ వ్యవహారంలో ఉంది. ఆకారంలో ఉల్లిని పోలినా గుణంలో ఇది విషమొక్క. దీని పేరులోని పూర్వపదాన్ని, దీని జీవితంలోని ఋతుక్రమాన్ని కలిపి చదివినప్పుడే మొక్కను సరిగా గుర్తించడం, పెంచడం, నిఘంటువులో నమోదు చేయడం సాధ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కూచిపూడి వంటి డెల్టా గ్రామాల నల్లరేగడి నేలలో ఈ మొక్కను గడ్డ నుంచి పెంచే విధానాన్ని వివరించి, చివరలో పదకోశాలకు ఒక నమూనా ఆరోపాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: నక్కవుల్లి, లశునం, దేశీయ మొక్కల పేర్లు, వసంతఋతువు, కృష్ణా డెల్టా, పదకోశ నిర్మాణం.

1. ఉపోద్ఘాతం

చైత్ర వైశాఖాలు వసంతఋతువు. కావ్యాలలో వసంతవర్ణన అష్టాదశ వర్ణనలలో భాగంగా స్థిరపడింది. ఆకు రాల్చి నిప్పులా పూచే మోదుగ ఆ వర్ణనల ద్వారా సాహిత్య విద్యార్థులకు సుపరిచితమే. మోదుగ చెట్టు గనుక కంటికి ఎత్తులో కనిపిస్తుంది. అదే కాలంలో, అదే విధంగా ఆకు లేకుండా, నేలలోంచి ఒక్క కాడగా లేచి పూచే మొక్క నక్కవుల్లి. పూత లేని రోజుల్లో దీని ఉనికి తెలియదు. పూత అయిపోయాక వచ్చే ఆకును గడ్డిగా పొరబడే అవకాశం ఉంది. అందువల్ల ఒకే మొక్క రెండు ఋతువులలో రెండు వేరు మొక్కలుగా కనిపిస్తుంది.

ఈ స్వభావం వల్ల రెండు సమస్యలు ఏర్పడుతున్నాయి. మొదటిది పెంపకానికి సంబంధించినది. ఆకు ఎండగానే మొక్క చచ్చిందనుకొని గడ్డను పారవేయడం, లేదా బతికించాలని నీరు పోసి కుళ్ళబెట్టడం జరుగుతుంది. రెండవది భాషకు సంబంధించినది. ‘అడవి ఉల్లి’ అనే పేరును యథాతథంగా అర్థం చెప్పుకుంటే, అది తినదగిన ఉల్లికి అడవి రూపమన్న భావం కలుగుతుంది. మౌఖిక వైద్యాన్ని, వృత్తిపదాలను సేకరించే పరిశోధకులకు, వైద్యగ్రంథాలను పరిష్కరించే అధ్యాపకులకు ఈ రెండవ సమస్య మరింత ముఖ్యమైనది. ఇక్కడ అర్థంలో దొర్లిన పొరపాటు పుటలోనే ఆగిపోదు, ఒకరి వంటింటి దాకా వెళ్ళవచ్చు.

2. గడ్డ, దుంప, కొమ్ము, లశునం

వ్యవహార భాషలో నేలలో ఊరే భాగాలన్నింటికీ గడ్డ లేదా దుంప అనే పేరు సరిపోతుంది. ఉల్లిగడ్డ, బంగాళాదుంప, కందగడ్డ అన్న మాటలలో వృక్షశాస్త్ర భేదం కనిపించదు. తెలుగు వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాలు ఈ భేదాన్ని నాలుగు మాటలతో చూపాయి. పసుపు, అల్లం కొమ్ములు. కంద, చేమ కందాలు. బంగాళాదుంప దుంపకాండం. నీరుల్లి లశునం. వీటిలో ‘కొమ్ము’ రైతువాడుక నుంచి వచ్చిన మాట. పసుపు కొమ్ము అన్న పదం తెలియని ఇల్లు డెల్టాలో ఉండదు. కాగా ‘లశునం’ సంస్కృతం నుంచి తీసుకున్న మాట.

ఈ చివరి మాట విషయంలో సాహిత్య విద్యార్థి జాగ్రత్తపడాలి. అమరకోశ సంప్రదాయంలో లశునం అంటే వెల్లుల్లి, పలాండువు అంటే నీరుల్లి. పాఠ్యగ్రంథ పరిభాషలో లశునం ఒక మొక్క పేరు కాదు, ఒక నిర్మాణం పేరు. పొట్టి బిళ్ళవంటి కాండం చుట్టూ, ఆహారాన్ని నిల్వ చేసుకున్న రసభరితమైన పత్రపీఠాలు పొరలు పొరలుగా చుట్టుకొని ఉండే రూపం అది. పైన పలుచని ఎండుపొర కప్పి ఉంటే దాన్ని కంచుకిత లశునం అంటారు. నక్కవుల్లి గడ్డ ఈ చివరి కోవకు చెందినది. కాబట్టి ‘నక్కవుల్లి లశునం’ అన్న ప్రయోగాన్ని ఆధునిక గ్రంథంలో చూసి, ప్రాచీన వైద్యగ్రంథంలోని ‘లశునం’ కూడా దీనికి వర్తిస్తుందని భావించరాదు. ఒకటి నిర్మాణవాచి, మరొకటి వెల్లుల్లివాచి.

ఈ నిర్మాణభేదం పెంపకానికి కూడా ఉపయోగపడుతుంది. పసుపు కొమ్మును ముక్కలు చేసి కప్పిపెడితే కణుపుల నుంచి మొలకలు వస్తాయి. లశునంలో మొలకెత్తే మొగ్గ పొరల నడుమ, అడుగు బిళ్ళపై ఉంటుంది. ఆ బిళ్ళ కుళ్ళిపోతే పై పొరలు ఎంత గట్టిగా ఉన్నా మొక్క తిరిగి రాదు. లశునం పెంపకంలోని జాగ్రత్తలు అన్నీ ఈ అడుగుబిళ్ళను తడి నుంచి కాపాడడానికే ఉద్దేశించినవి.

3. ఉల్లి కాని ఉల్లి: పేరు నిర్మాణం

కోస్తా తెలుగులో ఉల్లి అన్నది ఒక జాతివాచకంగా నిలిచింది. నీరు, ఉల్లి కలిసి నీరుల్లి అయింది. తెలుపును తెలిపే పూర్వపదంతో వెల్లుల్లి ఏర్పడింది. ఈ రెంటిలో పూర్వపదం గుణాన్ని తెలుపుతుంది. నక్కవుల్లిలోని పూర్వపదం చేసే పని వేరు. ఈ గడ్డకు నక్క ఆకారం లేదు, నక్క రంగు లేదు. ఇక్కడ ‘నక్క’ మనుషుల వాడుకకు వెలుపల ఉన్నదని చెప్పే మాట.

తెలుగు మొక్కల పేర్లలో జంతువాచక పూర్వపదాలు ఒకే అర్థంలో రావు. ఏనుగుపల్లేరులో ఏనుగు పరిమాణాన్ని సూచిస్తుంది. అది చిరుపల్లేరు కంటే పెద్దది. కుక్కతులసి, కుక్కవామింట వంటి పేర్లలో కుక్క పరిమాణాన్ని గాని ఆకారాన్ని గాని చెప్పదు. పూజకో కూరకో పేరుపడిన మొక్కను పోలి ఉన్నా ఇది అది కాదు అని వేరుచేస్తుంది. నక్కవుల్లి ఈ రెండవ వర్గానికి చెందుతుంది. అంటే ఈ సమాసంలో ఉత్తరపదం పోలికను చూపుతుండగా, పూర్వపదం ఆ పోలికకు హద్దు గీస్తున్నది. ‘నక్క’ అన్న రెండక్షరాలు ఒక హెచ్చరిక.

‘అడవి’ అన్న పూర్వపదానికి ఇంతటి నిశ్చితార్థం లేదు. అడవికాకర కూరకు పనికివచ్చేదే. అందువల్ల అడవి ఉల్లి అన్న పేరు విన్నవారు అదీ తినదగినదే అనుకోవడానికి భాషలోనే ఆధారం ఉన్నది. సంస్కృతంలో దీనికి వాడే వనపలాండువు అన్న పేరులోనూ ఇదే ఇబ్బంది. వనం స్థానాన్ని చెప్పిందే కాని విషాన్ని చెప్పలేదు. ఈ పర్యాయపదాలలో హెచ్చరికను నిలుపుకున్నది నక్కవుల్లి ఒక్కటే.

అడవి తెల్లగడ్డ అన్న పేరులో మాండలిక భేదం దాగి ఉంది. రాయలసీమలో తెల్లగడ్డ అంటే వెల్లుల్లి, ఎర్రగడ్డ అంటే నీరుల్లి. ఆ మాండలికం తెలిసినవారికి అడవి తెల్లగడ్డ అంటే అడవి వెల్లుల్లి. కోస్తా పాఠకుడికి మాత్రం అది ‘తెల్లగా ఉండే ఏదో గడ్డ’ మాత్రమే. పేరును సేకరించినవారు అది ఏ ప్రాంతపు వాడుకో రాయకపోతే, పోలికకు ఆధారమైన మొక్క ఏదో తరువాతి పాఠకునికి తెలియదు.

వ్రాతరూపం విషయంలోనూ ఒక సూచన అవసరం. నక్క, ఉల్లి అన్న రెండు పదాల నడుమ సంధి జరిగితే నక్కుల్లి, జరగకపోతే యడాగమంతో నక్కయుల్లి కావడం బాలవ్యాకరణ మార్గం. వాడుకలో మాత్రం ఉకారానికి ముందు వకారం వినిపిస్తుంది గనుక నక్కవుల్లి అన్న రూపం స్థిరపడింది. ఇందులోని ‘వు’ను ‘వ’గా చదివి నక్కవల్లి అని రాస్తే వల్లీశబ్దం వచ్చి చేరి, తీగ అన్న కొత్త అర్థం పుడుతుంది. ఈ మొక్కకు తీగ లేదు. ఒక్క కొమ్ము లోపించడం వల్ల మొక్క స్వరూపమే మారిపోవడానికి ఇది మంచి ఉదాహరణ.

4. శాస్త్రనామ చరిత్ర

ఈ మొక్కకు శాస్త్రనామం ఇచ్చిన విలియం రాక్స్‌బర్గ్ జీవితంలో తెలుగుదేశానికి ముఖ్యమైన స్థానం ఉంది. 1776లో మద్రాసు చేరిన ఆయన 1781 నుంచి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించాడు, బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి వెళ్ళాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన చేసిన బృహద్గ్రంథం 1795లో వెలువడడం ఆరంభమైంది. మొక్కల వర్ణనలతో పాటు తెలుగు పేర్లను నమోదు చేయడం ఆయన రచనలలో కనిపించే విశేషం.

రాక్స్‌బర్గ్ ఈ మొక్కను సిల్లా ఇండికా అన్నాడు. 1843లో కుంత్ దీన్ని అర్జీనియా ప్రజాతికి మార్చాడు. 1977లో జెస్సప్ డ్రిమియా ప్రజాతిలో చేర్చడంతో నేటి పేరు డ్రిమియా ఇండికా అయింది. పాత గ్రంథాలలో లిలియేసి కుటుంబంలో కనిపించే ఈ మొక్కను ప్రస్తుత వర్గీకరణ ఆస్పరాగేసి కుటుంబంలో ఉంచుతున్నది. మూలికాగ్రంథాలలో అర్జీనియా ఇండికా అన్న పేరే విస్తృతంగా ఉన్నందున, పరిశోధకులు మూడు పేర్లూ ఒకే మొక్కవని గుర్తుంచుకోవాలి. శాస్త్రనామం మారింది కాబట్టి మొక్క కూడా వేరని భావించి ఒకే గడ్డను రెండు ఆరోపాలలో చేర్చే ప్రమాదం ఇక్కడ ఉన్నది.

మధ్యధరా తీరంలో దీనికి జ్ఞాతి అయిన డ్రిమియా మారిటిమా పెరుగుతుంది. స్క్విల్ అన్న పేరుతో గ్రీకుల కాలం నుంచి పాశ్చాత్య వైద్యంలో వాడినది అదే. మన నక్కవుల్లికి ‘ఇండియన్ స్క్విల్’ అన్న వ్యాపారనామం ఆ పోలిక వల్ల వచ్చింది.

5. రూపం, ఋతుధర్మం

నక్కవుల్లి గడ్డ గుడ్డు ఆకారంలో, తెల్లని లేదా మట్టిరంగు పొరలతో, చిన్న ఉల్లిపాయ పరిమాణం నుంచి గుప్పెడు మించిన పరిమాణం వరకు ఉంటుంది. వేసవిలో దాని నడుమ నుంచి ఆకు లేని నిటారు పూకాడ వెలువడుతుంది. కాడ పైభాగాన దూరదూరంగా, వేలాడే సన్నని తొడిమలతో పూలు ఉంటాయి. ఒక్కో పువ్వులో ఆరు పరిపత్రాలు, ఆరు కేసరాలు. పరిపత్రాల రంగు ఆకుపచ్చ, గోధుమవన్నెలు కలిసిన తెలుపు. పూలు కింది నుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి. కాయ మూడు గదుల గుళిక. ఎండి పగిలినప్పుడు నల్లని, బల్లపరుపు, కాగితంలా తేలికైన విత్తనాలు గాలికి చెదురుతాయి. వానలు పడిన తరువాత పొడవైన, ఇరుకైన, బల్లపరుపు ఆకులు గుత్తిగా వస్తాయి. వానలు ముగిసి నేల ఆరుతున్న కొద్దీ ఆకులు పండి ఎండి, గడ్డ మళ్ళీ విశ్రాంతిలోకి పోతుంది.

నీరుల్లితో పోల్చినప్పుడు భేదాలు స్పష్టం. నీరుల్లి పూలు కాడ చివర గొడుగులా ఒకే చోట గుమికూడుతాయి. నక్కవుల్లి పూలు కాడ పొడవునా ఉంటాయి. నీరుల్లి ఆకు గొట్టం. నక్కవుల్లి ఆకు బల్లపరుపు. వెల్లుల్లి ఆకు కూడా బల్లపరుపే గనుక ఆకు ఒక్కదానినే ఆధారం చేసుకోరాదు. గడ్డను కోసినప్పుడు ఉల్లికి, వెల్లుల్లికి సహజమైన గంధకపు ఘాటు నక్కవుల్లిలో ఉండదు. పరిశీలన ఇంతటితో ఆగాలి. రుచి చూడడం పరీక్ష కాదు.

పూత ముందు, ఆకు తరువాత అన్న క్రమానికి కారణం ఏమిటి? పువ్వు, కాయ తయారుకావడానికి కావలసిన ఆహారం, నీరు గత వర్షాకాలంలో ఆకులు సంపాదించి గడ్డలో దాచినవే. అందువల్ల పూకాడకు ఆ సమయంలో వాన అవసరం లేదు. వేసవి ఆరంభంలో పూస్తే తొలకరి నాటికి కాయ పగిలి విత్తనం సిద్ధమవుతుంది. విత్తనం తడినేలపై పడుతుంది, లేత మొక్కకు వర్షాకాలమంతా మిగులుతుంది. మధ్యధరా స్క్విల్ ఈ సూత్రాన్ని వేరొక ఋతువులో రుజువు చేస్తుంది. అక్కడ వానలు శీతకాలంలో పడతాయి. ఆ మొక్క వేసవి చివర, శరత్తులో ఆకు లేకుండా పూచి, వానలతో ఆకు తొడుగుతుంది. ఋతువులు వేరైనా రెండు మొక్కలూ తమతమ వానలకు ముందే పూస్తున్నాయి. కాబట్టి నక్కవుల్లి వసంతంలో పూయడానికి ఆధారం రాబోయే వర్షఋతువే. పెంపకందారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

6. డెల్టా నేలలో పెంపకం

6.1. నేల

కూచిపూడి కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని డెల్టా గ్రామం. ఒండ్రుతో ఏర్పడిన నల్లరేగడి, వరిచేలు, కాలువనీరు ఇక్కడి వ్యవసాయానికి ఆధారం. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వినియోగంలోకి వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ నేలకు నీటి క్రమాన్ని ఏర్పరిచాయి. నక్కవుల్లి సహజంగా పెరిగేది ఇందుకు భిన్నమైన చోట. కోరమండల్ తీరపు ఇసుకనేలలు, మైదానాల మెట్టభూములు, తక్కువ ఎత్తు గుట్టలు దీనికి నెలవులు. డెల్టాకు తూర్పున బందరు తీరపు ఇసుక, ఎగువన కొండపల్లి గుట్టల రాతినేల దీని స్వభావానికి దగ్గర. నడుమ ఉన్న రేగడి దీనికి పడదు. తడిసినప్పుడు రేగడి నీటిని వదలదు, అడుగుబిళ్ళ కుళ్ళుతుంది. ఎండినప్పుడు బిగుసుకొని నెర్రెలు విచ్చుతుంది, వేళ్ళు తెగుతాయి.

అందువల్ల డెల్టా గ్రామంలో దీన్ని నేలమట్టాన నాటరాదు. జానెడు ఎత్తుకు తగ్గకుండా మట్టికట్ట పోసి నాటాలి, లేదా అడుగున వెడల్పైన రంధ్రం గల మట్టికుండీలో పెంచాలి. ఒక వంతు తోటమట్టికి రెండు వంతుల ముతక ఏటి ఇసుక, ఒక వంతు ఇటుకముక్కలు లేదా గులకరాళ్ళు కలిపితే నీరు నిలవదు. పశువుల ఎరువు బాగా మాగినది కొద్దిగా చాలు. పచ్చి ఎరువు గడ్డకు కుళ్ళు తెస్తుంది. తీరపు ఇసుకలో ఉప్పు ఉంటుంది గనుక దాన్ని తెచ్చి కుండీలలో వాడడం మంచిది కాదు. రోజులో ఎక్కువ భాగం ఎండ తగిలే చోటు కావాలి.

6.2. గడ్డ సేకరణ

సహజావాసం నుంచి పెద్ద గడ్డలను తవ్వి తేవడం అభిలషణీయం కాదు. పూచే పరిమాణానికి గడ్డ చేరడానికి కొన్నేళ్ళు పడుతుంది. తవ్విన ఒక్క గడ్డతో ఆ ఏటి విత్తనం కూడా పోతుంది. తీరప్రాంతపు ఇసుక దిబ్బలు చదును కావడం, మెట్టలు ఇళ్ళస్థలాలుగా మారడం ఇటువంటి మొక్కల నెలవులను ఇప్పటికే కుదిస్తున్నాయి. వేసవి చివర పగలడానికి సిద్ధమైన కాయల నుంచి కొద్ది విత్తనం తీసుకోవడం, రోడ్డుపనులలోనో పునాదులలోనో బయటపడిన గడ్డలను కాపాడడం, పెంచుతున్నవారి వద్ద పిల్లగడ్డలు తీసుకోవడం సరైన మార్గాలు.

గడ్డను గుర్తించడానికి ఉత్తమమైన కాలం పూత సమయం. ఆకు, పూత రెండూ లేని గడ్డను పేరు నమ్మి స్వీకరించరాదు. కేసరిచెట్టు, విషముంగిలి అని పిలిచే క్రైనం జాతులకు కూడా పొరల గడ్డలే ఉంటాయి. వాటి పూలు పెద్దవి, తెల్లనివి, కాడ చివర గుత్తిగా ఉంటాయి. తోటల్లో పెంచే లిల్లీ, వాన లిల్లీలు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. వాటి నీటి అవసరం, ఋతుక్రమం వేరు.

6.3. నాటడం

గడ్డ విశ్రాంతిలో ఉండే మాఘ ఫాల్గుణాలు నాటడానికి అనువైన కాలం. మెత్తబడిన పొరలు ఉంటే తొలగించి, గడ్డను నీడలో కొన్ని రోజులు ఆరనివ్వాలి. గడ్డ మెడ నేలపైకి కనిపించేలా నాటాలి. రేగడి కలిసిన నేలలో లోతుగా నాటడం కుళ్ళుకు ప్రధాన కారణం. రెండు గడ్డల నడుమ జానెడు ఎడం ఉండాలి. నాటిన ఏడాది పూత రాకపోవచ్చు. తెగిన వేళ్ళు తిరిగి రావడానికి ఒక వర్షాకాలం అవసరం. పూత రాకపోవడాన్ని వైఫల్యంగా భావించి గడ్డను తీసి చూడడం మరొక ఏడాది నష్టానికి దారితీస్తుంది.

6.4. నీటి క్రమం

డెల్టా తోటమాలికి ఎండ పెరిగితే నీరు పెంచడం అలవాటు. ఈ మొక్క విషయంలో ఆ అలవాటును తలకిందులు చేయాలి. ఆకు ఎండినప్పటి నుంచి పూకాడ వచ్చే వరకు నీరు పోయనవసరం లేదు. పూకాడ వచ్చినప్పుడు కూడా గడ్డలోని నిల్వే చాలు. మరీ వడగాలులలో కుండీ అంచున కొద్దిగా తడిపితే సరిపోతుంది. జూన్‌లో నైరుతి ఋతుపవనాలతో ఆకు మొలిచాక, వాన లేని వారాలలో మాత్రమే నీరు పోయాలి. ఆకు పచ్చగా ఉన్నంతకాలం దాన్ని కోయరాదు, ముడివేయరాదు. ఆ ఆకే మరుసటి వసంతపు పువ్వు.

కృష్ణా డెల్టాలో అసలు పరీక్ష అక్టోబరు, నవంబరు మాసాలలో వస్తుంది. ఈశాన్య ఋతుపవనాలు, తుపాన్లు తెచ్చే భారీ వర్షాలు ఆకు ముదిరి గడ్డ విశ్రాంతికి సిద్ధమవుతున్న వేళ పడతాయి. కుండీలను చూరు కిందికి మార్చడం, మట్టికట్ట చుట్టూ నీరుపోయే కాలువ తీయడం అప్పుడు చేయవలసిన పనులు. మెడ దగ్గర గడ్డ మెత్తబడినా, దుర్వాసన వచ్చినా వెంటనే పైకి తీసి, కుళ్ళిన పొరలు తొలగించి ఆరబెట్టాలి. అడుగుబిళ్ళ గట్టిగా ఉంటే గడ్డ దక్కుతుంది.

6.5. విత్తనం, పిల్లగడ్డలు

విత్తనాన్ని ఏడాదిపాటు దాచిపెట్టడం కంటే, సేకరించిన తొలకరిలోనే విత్తడం మేలు. ఇసుకపాలు ఎక్కువైన మట్టిపై చల్లి, పలుచగా ఇసుక కప్పి, తడి ఆరకుండా చూడాలి. మొదటి ఏడాది గడ్డిపరక వంటి ఒక్క ఆకు మాత్రమే కనిపించవచ్చు. కలుపుతీతలో పోకుండా ఆ మడికి గుర్తు పెట్టడం అవసరం. విత్తనం నుంచి పువ్వు వరకు కొన్ని వర్షాకాలాలు గడుస్తాయి. పెద్ద గడ్డ పక్కన ఏర్పడే పిల్లగడ్డలను విశ్రాంతికాలంలో విడదీసి నాటడం త్వరితమైన మార్గం. అయితే పిల్లగడ్డల నుంచి వచ్చేవన్నీ తల్లిని పోలినవే. ఈ మొక్కలో ద్విస్థితిక, త్రిస్థితిక, చతుస్థితిక రూపాలు, అంటే క్రోమోజోములు 20, 30, 40గా ఉన్న రూపాలు నమోదయ్యాయి. ఆ వైవిధ్యంలో కొంతైనా తోటలో నిలవాలంటే విత్తనపు మార్గాన్ని కూడా విడువరాదు.

7. విషం, వైద్యం

నక్కవుల్లి గడ్డలో గుండెపై పనిచేసే గ్లైకోసైడులు ఉన్నాయి. సిల్లారెన్ ఎ వాటిలో ప్రసిద్ధమైనది. ఇవి బ్యూఫాడైఈనోలైడ్ తరగతికి చెందినవి. గోదురుకప్పల విషంలోనూ ఇదే తరగతి రసాయనాలు ఉంటాయి. అతిస్వల్ప మోతాదులో కఫాన్ని వెడలించేదిగా, మూత్రాన్ని జారీ చేసేదిగా స్క్విల్‌ను వైద్యులు వాడారు. మోతాదు కొద్దిగా మించినా వాంతులు, విరేచనాలు, నాడి మందగించడం, గుండెలయ తప్పడం సంభవిస్తాయి. మధ్యధరా స్క్విల్‌లోని ఎర్రరకాన్ని ఎలుకలమందుగా వాడారంటే దీని తీవ్రత ఊహించవచ్చు. మందుకు, విషానికి మధ్య ఎడం ఇంత తక్కువగా ఉన్న గడ్డను ఇంటివైద్యంగా వాడడం తగదు. వండినంత మాత్రాన విషం పోతుందని భావించరాదు. గడ్డరసం చర్మానికి దురద, మంట కలిగిస్తుంది గనుక నాటేటప్పుడు చేతితొడుగులు వాడాలి. పిల్లలకు, పశువులకు అందని చోట పెంచాలి. వంటింటి ఉల్లి ఉంచే చోట విశ్రాంతి గడ్డలను ఆరబెట్టరాదు. ఎవరైనా తింటే లక్షణాల కోసం వేచి ఉండక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, వీలైతే గడ్డను కూడా వైద్యునికి చూపాలి.

8. పదకోశానికి ఒక నమూనా

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతభేదాలతో సేకరించే పద్ధతిని తెలుగు పరిశోధనకు అందించింది. సాగుకు వెలుపల ఉన్న మొక్కల పేర్లకూ ఆ పద్ధతిని విస్తరించవచ్చు. అయితే పేరు, ప్రాంతం, అర్థం అన్న మూడు అంశాలు ఇటువంటి మొక్కకు చాలవు. పూత కాలం, ఆకు కాలం, తినదగినదా కాదా అన్న మూడు అంశాలు కూడా ఆరోపంలో భాగం కావాలి. ఆ ప్రకారం ఒక ఆరోపం ఇలా ఉండవచ్చు:

నక్కవుల్లి - దేశ్యం, నామవాచకం. పర్యాయపదాలు: అడవి ఉల్లి, అడవి తెల్లగడ్డ (తెల్లగడ్డ అంటే రాయలసీమ వాడుకలో వెల్లుల్లి), సంస్కృతంలో వనపలాండువు. శాస్త్రనామం డ్రిమియా ఇండికా. పాత పేర్లు అర్జీనియా ఇండికా, సిల్లా ఇండికా. పొరల గడ్డ గల దేశీయ మొక్క. వేసవిలో ఆకు లేకుండా పూస్తుంది. వానలకు ఆకు వస్తుంది. ఉల్లిని పోలి ఉంటుంది, ఉల్లి వాసన ఉండదు. విషం, తినరాదు.

ఇందులో ప్రతి అంశం ఒక పొరపాటును నివారిస్తుంది. ప్రాంతసూచన మాండలిక భ్రాంతిని, పాత శాస్త్రనామాలు ద్విరుక్తిని, ఋతుసూచన ఒకే మొక్కను రెండుగా భావించడాన్ని తొలగిస్తాయి. చివరి మాట ప్రాణరక్షణకు సంబంధించినది. మౌఖిక సమాచారం సేకరించే విద్యార్థి కూడా ఈ అంశాలనే ప్రశ్నలుగా మార్చుకోవచ్చు. ‘దీని పేరేమిటి’ అన్న ప్రశ్న వెంట ‘ఎప్పుడు పూస్తుంది, అప్పుడు ఆకు ఉంటుందా, పశువులు ముడతాయా’ అని అడిగితే, సమాచారం ఇచ్చేవారు ఏ మొక్కను గురించి మాట్లాడుతున్నారో స్పష్టమవుతుంది.

9. ముగింపు

నక్కవుల్లి అన్న పేరులో పోలిక, నిషేధం రెండూ ఉన్నాయి. దాని జీవితక్రమంలో వసంతం, వర్షం రెండూ విడదీయరానివి. పేరులోని నిషేధాన్ని విస్మరించి ‘అడవి ఉల్లి’ అని మాత్రమే చెప్పినప్పుడు పాఠకునికి ప్రమాదం. వర్షాన్ని విస్మరించి వసంతపు పువ్వును మాత్రమే కోరినప్పుడు మొక్కకు ప్రమాదం. కృష్ణా డెల్టాలోని కళాశాల ఆవరణలో ఎత్తైన ఒక ఇసుకకట్ట మీద, పేరు, పూతకాలం, విషసూచన రాసిన పలకతో, అడవి నుంచి గడ్డ తవ్వకుండా విత్తనంతో దీన్ని పెంచవచ్చు. తెలుగు, వృక్షశాస్త్ర శాఖల విద్యార్థులు కలిసి చూడదగిన పాఠం అది. తెలుగు విద్యార్థికి అక్కడ ఒక సమాసంలోని పూర్వపదం చేసే పని తెలుస్తుంది. వృక్షశాస్త్ర విద్యార్థికి శాస్త్రనామం రాకముందే ఆ మొక్క గుణాన్ని గుర్తించి పేరు పెట్టిన వాడుకభాష శక్తి తెలుస్తుంది.